ఆ గుంజ దగ్గరే నిలబడు

చిన్నా,

నువ్వు పంపిన నలభై ఫొటోలూ నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్కటే చూశాను. గాల్లో నిలబడ్డ గద్ద ఫొటో చాలా బాగా వచ్చింది. దాని కన్ను, రెక్కల చివర ఈకలు అన్నీ తీరుగా ఉన్నాయి. అందులో వంక పెట్టను. కానీ నలభైలో ముప్పై ఏడు ఇలాంటివే. నడిమధ్యలో ఒక పిట్ట, చుట్టూ ఏమీ తెలియని పచ్చటి మసక. ఆ గద్ద రోడ్డు పక్కన కరెంటు తీగ మీద దొరికినా ఫొటో ఇలాగే ఉండేది. నువ్వు ఫోన్‌లో గస పెడుతూ చెప్పింది వేరే సంగతి కదా. "పెద్దమ్మా, నాలుగేళ్ళ కిందటి దాకా ఇక్కడ పశువులు మేసేవట, ఎక్కడ చూసినా మట్టే కనబడేదట, ఇప్పుడు చూడు" అన్నావు. చూద్దామంటే ఆ నాలుగేళ్ళూ ఒక్క ఫొటోలో కూడా లేవు.

సామాను గురించి అడిగావు, అది ముందే తేల్చేస్తాను. ఇప్పుడున్న కెమెరా చాలు. పెద్ద లెన్స్ లేదన్న టెన్షన్ వదిలెయ్. ఉన్న జూమ్‌తో పిట్టలు తియ్యి, ఫోన్‌తో మొక్కలు తియ్యి. డబ్బు పెట్టాలనిపిస్తే గట్టి ట్రైపాడ్ ఒకటి కొనుక్కో. లెన్స్ సంగతి మూడో ఏడాది మాట్లాడుకుందాం. అప్పటికి నీకే తెలుస్తుంది, కావలసింది దూరం చూసేదో దగ్గర చూసేదో.

ఇక అసలు విషయం. మేపే రోజుల్లో పశువుని గుంజకి కట్టేవాళ్ళు. తాడు ఎంత పొడుగుంటే అంత మేర గుండ్రంగా మేసేది. నిన్ను కూడా ఒక గుంజకి కట్టెయ్యాలి. ఆ నేలలో ఒక చోటు ఎంచుకుని, అక్కడ గుంజ పాతి, దాని పక్కనే ట్రైపాడ్ పెట్టి, ఒకే దిక్కుకి, ఒకే ఎత్తు నుంచి, ఒకే లెన్స్ పొడవుతో, అంటే ఒకే జూమ్‌తో, ఫొటో తియ్యి. మళ్ళీ వచ్చే నెల, మళ్ళీ వచ్చే ఏడాది అదే తియ్యి. మొదటి ఫొటో చప్పగా ఉంటుంది. గడ్డి, కంచె, ఆకాశం, అంతే. ఎవరికి చూపించినా "ఇదేంటి?" అంటారు. అయిదో ఏడాది దాని పక్కన ఇంకోటి పెట్టి చూపించు, ఆ అడిగినవాళ్ళే దగ్గరికి లాక్కుని చూస్తారు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. 1880ల చివర్లో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లో హిమానీనదాలు ఎంత జరిగాయో కొలవడానికి ఒకే చోటు నుంచి మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీయించేవాడు. మన విషయానికి దగ్గరగా వచ్చేది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, హార్ట్ మౌంటెన్ అనే జింకల అభయారణ్యం. అక్కడ పశువుల మేత 1990 ప్రాంతంలో ఆపేశారు. అంతకుముందు ఎవరెవరో వాగుల దగ్గర తీసి పెట్టిన ఫొటోలు 64 దొరికాయి. 2013, 2014లో పరిశోధకులు ఆ ఫొటోలు పట్టుకుని వెళ్ళి, ఏ ఫొటో ఎక్కడ నిలబడి తీశారో వెతికి పట్టుకుని మళ్ళీ తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి కొలిస్తే బోడి నేల 90 శాతం తగ్గింది, వాగు ఒడ్డున విల్లో పొదలు దాదాపు అయిదు రెట్లయ్యాయి. నాకు ఇందులో నచ్చేది ఆ పాత ఫొటోలు తీసినవాళ్ళు. తీసిన రోజున వాళ్ళెవరూ ఇరవై ఏళ్ళ తర్వాత ఇలా పనికొస్తాయని అనుకుని ఉండరు. నువ్వైతే అనుకునే తియ్యొచ్చు.

గుంజ ఎక్కడ పాతాలన్నది ఒక్కరోజులో తేల్చకు. రెండు మూడు సార్లు ఊరికే నడిచి చూడు. ఫ్రేములో ఎప్పటికీ కదలనిది ఒకటి ఉండాలి, అంటే దూరాన కొండ అంచు కానీ, పెద్ద బండ కానీ. దగ్గరలో ఇంకో కదలని గుర్తు ఉంటే ఇంకా మేలు. దగ్గరి రాయి కొన సరిగ్గా ఆ కొండ మెడ కిందికి వచ్చేలా నిలబడ్డావనుకో, ఎన్నేళ్ళకి వచ్చినా అదే చోట నిలబడగలవు. ఒక అడుగు పక్కకి జరిగినా ఆ రెండూ విడిపోతాయి. జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అది నిన్ను ఆ చుట్టుపక్కలకి చేర్చడానికే. ఖచ్చితంగా నిలబెట్టేది ఆ రాయీ కొండా.

మొదటి ఫొటో ప్రింటు తీసి సంచిలో పెట్టుకో. ప్రతిసారీ దాన్ని చేత్తో పట్టుకుని ఫ్రేము సరిచూసుకో. ట్రైపాడ్ ఎత్తు (నేను నేల నుంచి లెన్స్ దాకా మీటరున్నర పెడతాను), లెన్స్ పొడవు, దిక్సూచిలో దిక్కు, అపర్చర్ (లెన్స్ కన్ను ఎంత తెరిచావో అది), వేళ, అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకో. వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతుర్ని బట్టి కెమెరా రంగులు సరిచేసే సెట్టింగు, ఆటోలో వదలకు. అది ఒకరోజు గడ్డిని పచ్చగా, ఇంకోరోజు పసుపుగా చూపించి, లేని మార్పు ఉన్నట్టు నమ్మిస్తుంది. అపర్చర్ ఎఫ్ ఎనిమిదో పదకొండో పెట్టి, వైట్ బ్యాలెన్స్ డేలైట్‌లో స్థిరం చేసి, రా ఫైల్లో (కెమెరా తన మార్పులు చెయ్యని ఫైలు) తియ్యి. మబ్బు పట్టిన రోజైతే నీడల గొడవ ఉండదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి గుంజ పాతేటప్పుడు ముందర మోకాలెత్తు ముళ్ళ పొద ఉంటే, బాగానే ఉందిలే, ఫొటోకి ముందుభాగం నిండుతుంది అనుకున్నాను. నాలుగో ఏడాదికి ఫొటో మొత్తం ఆకులే. కొండ లేదు, కంచె లేదు, ఏమీ లేదు. ఆ రోజు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ నాలుగు ఫొటోలూ వరసగా చూస్తే, నేను తీసిన వేలల్లో ఆ నేల కథని అంత సూటిగా చెప్పేవి లేవనిపిస్తుంది. అయినా నువ్వు మాత్రం అయిదారు గుంజలు పాతుకో. ఒకటి మిట్ట మీద ఉంటే దానికి అడ్డు రావడానికి చాలాకాలం పడుతుంది.

ఒక గుంజ మాత్రం తప్పకుండా కంచె దగ్గర పెట్టు. కంచెకి అటువైపు ఇంకా మేపుతున్నారని చెప్పావు. కంచె సరిగ్గా ఫ్రేము మధ్యలో వచ్చేలా, దాని బారునే నిలబడి తియ్యి. ఎడమ పక్క మేసిన నేల, కుడి పక్క వదిలేసిన నేల. అదే మట్టి, అదే వాన, అదే ఎండ. ఇక చెప్పడానికేం మిగలదు. ఇంకో గుంజ పాత నీళ్ళ తొట్టి దగ్గర పెట్టు. ఒకచోట నాలుగు కర్రలు మీటరు చదరంగా నేల మీద పెట్టి, నడినెత్తి నుంచి నిటారుగా కిందికి తియ్యి. ఆ చదరంలో ఎన్ని రకాల ఆకులున్నాయో ఇంటికి వచ్చాక లెక్కపెట్టుకోవచ్చు. నాకు ఇది నిద్రపట్టని రాత్రుల పని.

ఏడాదికోసారి అదే వారంలో తీసే ఫొటో వెన్నెముక లాంటిది. అది తప్పకూడదు. నెలనెలా తీసేవి కుదిరితేనే. వాన ఆలస్యమైందని తేదీ మార్చకు. తేదీ అలాగే ఉంచి, వాన రాలేదని పుస్తకంలో రాయి.

ఇప్పుడు ఏం తియ్యాలో చెబుతాను. పశువులు మానగానే అడవి వచ్చి కూర్చోదు. మొదట గడ్డి పొడుగుపెరిగి పూస్తుంది. గడ్డి పూస్తుందన్న సంగతే చాలామందికి తెలియదు, మేసే నేలలో దానికి పూసే అవకాశం రాదు కదా. పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా కూర్చుని, వెలుగు కంకుల వెనక నుంచి వచ్చేలా వాటిని తియ్యి. పుప్పొడి సంచులు దారాల చివర ఊగుతూ కనబడతాయి. తర్వాత ఎండిన గడ్డి మెత్తలా పేరుకుంటుంది, దాని కింద ఎలుకలు సొరంగాలు చేస్తాయి. నీ గద్ద గాల్లో నిలబడి చూస్తున్నది వాటి కోసమే. ఆ గడ్డి లేకపోతే ఆ ఎలుక లేదు, ఆ ఎలుక లేకపోతే నీ ఫొటో లేదు. కాబట్టి ఈసారి గద్దని తీసేటప్పుడు జూమ్ వెనక్కి లాగి, కింద గడ్డి ఎంత ఎత్తుందో కూడా రానియ్యి. గద్ద చిన్నదైపోతుందని బాధపడకు.

చెట్ల మొలకల కోసం అక్కడా ఇక్కడా వెతకనక్కర్లేదు. కంచె గుంజల కింద, ఒంటరి చెట్టు కింద చూడు. పిట్ట వచ్చి వాలేది అక్కడే, రెట్ట వేసేది అక్కడే, రెట్టలో విత్తనం వచ్చేదీ అక్కడే. అందుకే చెట్లు పొలమంతా చల్లినట్టు రావు, గుంపులు గుంపులుగా, పాత కంచె బారున వరసగా వస్తాయి. ఒకే ఫ్రేములో గుంజ మీద తెల్లటి రెట్ట మరకా, దాని మొదట్లో రెండాకుల మొలకా దొరికితే, నేనైతే ఆరోజు ఇంక పని కట్టిపెట్టి ఇంటికి వచ్చేస్తాను.

ఇంకో రకం మొలకలు ఉంటాయి, అవి మొలకలు కావు. జానెడు ఎత్తే ఉంటుంది, కానీ కాండం అడుగున బొటనవేలంత లావు, మెలికలు తిరిగి ఉంటుంది. ఏళ్ళ తరబడి చిగురేసినప్పుడల్లా పశువు కొరికేస్తే, వేరు మాత్రం బతికి ఉండి మళ్ళీ మళ్ళీ చిగిర్చిన చెట్టు అది. నోరు తగలడం ఆగిన మొదటి ఏడాదే దాని నుంచి ఒక కొమ్మ నిటారుగా లేస్తుంది. ముడతలు పడ్డ మొదలూ, లేత కొమ్మా ఒకేసారి కనబడేలా నేల మీద పడుకుని తియ్యి. ముళ్ళ పొదల మధ్యలోకి కూడా తొంగి చూడు. కుందేళ్ళూ జింకలూ కొరకలేని ఆ ముళ్ళ మధ్య చిన్న చెట్లు తలదాచుకుని పెరుగుతుంటాయి. ముళ్ళ పొదని పాడుబడ్డ నేలకి గుర్తుగా చూపించే ఫొటోలంటే నాకు చిరాకు. ఎక్కువసార్లు అది పురిటిగది.

పశువుల గుర్తుల్ని ఫ్రేములోంచి తప్పించకు. తుప్పు పట్టిన ముళ్ళతీగ, అరిగిపోయిన పశువుల బాట, గిట్టలు తొక్కి గట్టిపడ్డ చోటు, ఎండి నాచు పట్టిన పేడ కూడా తియ్యి. నీ రెండో ఫొటోలో కంచె తీగని కంప్యూటర్‌లో చెరిపేశావని నాకు తెలిసిపోయింది, పిట్ట కాళ్ళు గాల్లో ఉన్నాయి! ఆ తీగే కదరా అసలు కథ.

తిరిగి వచ్చినవాటినే కాక, వెళ్ళిపోతున్నవాటిని కూడా తియ్యాలి. దీన్ని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. పొట్టి గడ్డిలో, నేలకి అంటుకుని పూసే చిన్న మొక్కలు కొన్నుంటాయి. గడ్డి పొడుగైతే వాటికి ఎండ తగలదు, రెండు మూడేళ్ళలో మాయమవుతాయి. పేడ లేకపోతే పేడపురుగులు ఉండవు. బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక 1979లో పూర్తిగా అంతరించింది. దాని గొంగళిపురుగు ఒక జాతి ఎర్ర చీమ గూట్లో పెరుగుతుంది. ఆ చీమకి ఎండ తగిలే వెచ్చని నేల కావాలి. మేత తగ్గి, కుందేళ్ళు జబ్బుతో చచ్చిపోయి, గడ్డి కొంచెం పెరిగేసరికి నేల చల్లబడి చీమ పోయింది, చీమతో పాటు సీతాకోకచిలుకా పోయింది. జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఆ చీమల దగ్గర కూర్చుని ఈ సంగతి తేల్చాడు. 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి మళ్ళీ వదిలినప్పుడు, ఆ నేలల్లో మేత కూడా తిరిగి పెట్టాల్సి వచ్చింది. అందుకే పశువు అంటే చెడు, పశువు లేకపోతే మంచి అని క్యాప్షన్లు రాయకు. ఎన్ని పశువులు, ఎంతకాలం, ఏ నేల మీద అన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకు తెలిసి ఆ పొట్టి పూలని మొదటి ఏడాదే తీసి పెట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ. నీ దగ్గర ఇంకా మిగిలి ఉంటే ఈ వారమే తియ్యి.

చెడు అని తేల్చెయ్యకూడదన్న మాట మేపినవాళ్ళకీ వర్తిస్తుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చో. ఏ మూల నీరు నిలిచేది, ఏ చెట్టు ఎప్పుడు కొట్టేశారు, ఏ పిట్ట కూత వినబడటం ఎప్పుడు ఆగింది, ఇవన్నీ వాళ్ళకి తెలుసు. ఇంట్లో పాత ఫొటోలు ఉన్నాయేమో అడుగు. పెళ్ళి ఫొటో వెనకో, పిల్లాడు దూడ మెడ పట్టుకున్న ఫొటో వెనకో ఆ నేల ఉంటుంది. అది దొరికితే నీ మొదటి గుంజ ముప్పై ఏళ్ళు వెనక్కి జరిగినట్టే.

ఇంకో సంగతి. వచ్చింది తనంతట వచ్చిందా, ఎవరైనా నాటారా అన్నది స్పష్టంగా రాయి. రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కావు. ఫొటోగ్రాఫర్ సెబాస్టియో సాల్గాడో పేరు నీకు తెలిసే ఉంటుంది. బ్రెజిల్‌లో ఆయన కుటుంబానికి చెందిన పశువుల భూమి చెట్లన్నీ పోయి బోడి గుట్టలుగా మిగిలితే, 1998లో ఆయనా భార్య లేలియా కలిసి సంస్థ పెట్టి అక్కడ మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఇరవై లక్షలు దాటాయి. స్కాట్లాండ్‌లో కారిఫ్రాన్ లోయ కూడా అలాంటిదే. గొర్రెలు మేసి మేసి దాదాపు చెట్టన్నది లేకుండా పోయిన ఆ లోయని కొని, గొర్రెల్ని తప్పించి, లక్షల చెట్లు నాటారు. వీటికి భిన్నంగా కోస్టారికాలో గ్వానకాస్తే ప్రాంతంలో డేనియల్ జాన్‌జెన్ అనే జీవశాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు 1980ల నుంచి పశువుల మేత భూముల్లో ఎక్కువగా నమ్ముకున్నది గాలినీ పిట్టల్నీ జంతువుల్నీ. అక్కడ అసలు శత్రువు నిప్పు. మేత కోసం తెచ్చి వేసిన ఆఫ్రికా గడ్డి, మేసేవి లేకపోతే మనిషెత్తు పెరిగి, ఎండాకాలం కాలిపోయి, మొలకల్ని కాల్చేసేది. ఆ గడ్డిని తగ్గించడానికి మొదట్లో కొంతకాలం పశువుల్నే వాడుకున్నారు. నిప్పుని ఆపాక అడవి వచ్చింది. నీ నేలలో కూడా బయటి నుంచి తెచ్చిన గడ్డో, ఎక్కడిదో కలుపు పొదో ఒకటి విచ్చలవిడిగా పెరుగుతుంటే, పచ్చగా ఉంది కదా అని మురిసిపోకు. పేరు కనుక్కో.

పేరు కనుక్కోవడానికి ఒక్క పువ్వు ఫొటో చాలదు. మొక్క మొత్తం, ఆకు పైభాగం, ఆకు అడుగు, ఆకు కాండానికి కలిసే చోటు, పువ్వు ముందు నుంచీ పక్క నుంచీ, కాయ ఉంటే కాయ. పక్కన ఒక స్కేలో నీ వేలో పెట్టు. ఇవి ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్ళు సరిచూస్తారు, తేదీతో చోటుతో సహా రికార్డుగా నిలుస్తుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించకు, ఎవరైనా తప్పంటే మళ్ళీ వెళ్ళి ఆకు అడుగు చూసి రా.

ఆటోమేటిక్ కెమెరా పెట్టాలనుకుంటున్నానన్నావు. పెట్టు. కానీ పొడుగు గడ్డిలో పెడితే ఏమవుతుందో చెప్పనా? నేను మొదటిసారి పెట్టి వారం తర్వాత వెళ్తే నాలుగు వేల పైచిలుకు ఫొటోలు. ఎంత సంబరపడ్డానో! అన్నీ గడ్డే. ఎండకి వేడెక్కిన గడ్డి గాలికి ఊగితే, వేడినీ కదలికనీ కలిపి పసిగట్టే ఆ సెన్సార్ జంతువే వచ్చిందనుకుంటుంది. బాగా ఎండ కాసే మధ్యాహ్నం దీనికి వ్యతిరేకం, జంతువు ఒంటి వేడీ చుట్టూ ఉన్న వేడీ ఒకటే అయిపోయి, నిజంగా వచ్చినా పసిగట్టదు. అందుకని పాత పశువుల బాట మీద, గడ్డి పలచగా ఉన్నచోట పెట్టు. పశువులు పోయినా ఆ బాటల్ని నక్కలూ కుందేళ్ళూ వదలవు, అవీ నీలాగే తేలిక దారినే పోతాయి. మోకాలెత్తులో కట్టు. బాటకి అడ్డంగా పెడితే తోక మాత్రమే దొరుకుతుంది. కొంచెం ఏటవాలుగా, బాట పొడుగునా చూసేలా పెట్టు. సూర్యుడు పొడిచే దిక్కుకీ, కుంగే దిక్కుకీ ఎదురుగా వద్దు. కంచె కింద నేల దొలిచిన చోట ముళ్ళతీగకి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయేమో చూడు, ఉంటే రోజూ ఎవరో దూరి వెళ్తున్నట్టే.

పాత నీళ్ళ తొట్టిలో నీరుంటే దాని గోడకి ఆనించి ఒక గరుకు కర్ర ఏటవాలుగా వెయ్యి. చిన్న ప్రాణులు నీళ్ళకని దిగి ఎక్కలేక చచ్చిపోతుంటాయి. ఇది ఫొటోకి సంబంధం లేని మాట. వెయ్యి అంతే.

వెలుతురు గురించి నీకు చెప్పనక్కర్లేదు, కానీ బయలు నేలకి ప్రత్యేకమైన ఇబ్బందులు రెండున్నాయి. ఒకటి ఎండ ఆవిరి. పొద్దెక్కాక నేల మీద గాలి వేడికి అలలు అలలుగా ఆడుతుంది. పెద్ద జూమ్‌తో దూరాన ఉన్నదాన్ని తీస్తే ఎంత ఫోకస్ చేసినా మెత్తగానే వస్తుంది. లెన్స్ పాడైందని రిపేరుకి తీసుకెళ్ళినవాళ్ళని చూశాను, వాళ్ళలో నేనూ ఒకదాన్ని. దానికి మందు లేదు. పొద్దున్నే తియ్యి, లేదా దగ్గరికి జరుగు. రెండోది గాలి. చిన్న పువ్వు క్షణం ఆగదు. తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, పురుగులు కూడా మంచులో తడిసి చలికి కదలకుండా కూర్చుంటాయి, సీతాకోకచిలుకని రెక్క విప్పకముందే తీరిగ్గా తీసుకోవచ్చు. గడ్డిలో ఆటోఫోకస్ ముందరి పరకని పట్టుకుని వేలాడుతుంది. ఒకే ఒక్క పాయింటు పెట్టుకో, అదీ కుదరకపోతే చేత్తో తిప్పుకో. ఎగిరే పిట్టకి సెకనులో రెండువేలో వంతు వేగం లేకుండా ఆశపడకు.

గూళ్ళ విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. నేల మీద గూడు పెట్టే పిట్టలు ఈ గడ్డి కోసమే తిరిగి వస్తాయి. ఒక్క పరక కూడా పక్కకి తొయ్యకు, కత్తిరించకు. నువ్వు వెళ్ళిన దారిలో గడ్డి వాలిపోయి ఒక బాట పడుతుంది, ఆ బాట పట్టుకుని నీ వెనకే నక్క వస్తుంది. పిట్ట రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నీ ముందు నడిచిందంటే గుడ్లో పిల్లలో నీ కాళ్ళ దగ్గరే ఉన్నాయని అర్థం. కిందికి చూసి అడుగు వెయ్యి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపో. ఆ నాటకం ఫొటో తీస్తూ నిలబడినవాళ్ళని నేను మళ్ళీ నాతో తీసుకెళ్ళలేదు. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం, తిండి చల్లి రప్పించడం కూడా వద్దు. అరుదైన మొక్కదో గూటిదో ఫొటో ఎవరికైనా పంపేముందు అందులో దాగి ఉన్న లొకేషన్ తీసేశావో లేదో చూసుకో.

నీ ఒంటి సంగతి. పొడుగు గడ్డిలో పిడుదులు ఉంటాయి. పాంటు చివర్లు సాక్సులోకి దోపుకో, ఇంటికి రాగానే మోకాలి వెనకా చంకల్లో తడిమి చూసుకో. పాత కంచె తీగ గడ్డిలో పడి కనబడదు, నా ఎడమ కాలి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు అడిగేవాడివి, అదే. పాములకి మరీ భయపడక్కర్లేదు, అడుగు బరువుగా వేస్తే చాలావరకు అవే తప్పుకుంటాయి, అన్నీ కాదు. చూడకుండా చెయ్యి మాత్రం ఎక్కడా పెట్టకు. నేల ఎవరిదో వాళ్ళకి చెప్పకుండా గుంజ పాతకు.

ఫైళ్ళకి పేర్లు ఆ రోజు రాత్రే పెట్టు. గుంజ నంబరు, ఏడాది, నెల, తేదీ, అంతే. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో ప్రతిసారీ చూసుకో. మూడు కాపీలు ఉంచు, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. అది మా ఇంట్లో పెట్టు, నేనూ చూసుకుంటూ ఉంటాను.

ఈ ఉత్తరంతో పాటు నా కొలకర్ర పంపిస్తున్నాను. మీటరున్నర పొడుగు, పది సెంటీమీటర్లకొక ఎర్ర గీత. మొదటి గుంజ నుంచి పది అడుగుల దూరంలో నిలబెట్టి ఫ్రేములోకి రానిచ్చేదాన్ని, గడ్డి ఎంత ఎత్తుందో ఫొటోలోనే తెలిసిపోతుంది. కింద నుంచి మూడో గీత చెరిగిపోయింది, రంగు వెయ్యి. మొదటి ఏడాది గడ్డి దాన్ని దాటలేదు.

పెద్దమ్మ